ఏ వేలికి తిమ్మిరి?

అర్ధరాత్రి దాటాక మెలకువ వస్తుంది. కుడిచెయ్యి తనది కానట్టు ఉంటుంది. వేళ్ల కొసల్లో చీమలు పాకుతున్నట్టు, సన్నటి సూదులు గుచ్చుతున్నట్టు. చేతిని మంచం పక్కకు వేలాడేసి, తడి విదిలించినట్టు నాలుగుసార్లు దులిపితే గానీ నెమ్మదించదు. పక్క మంచం మీద భార్య లేస్తుంది.

"ఏందయ్యా, నిద్ర పోతలేవా? చెయ్యెందుకట్ల దులుపుతున్నవ్?"

"తిమ్మిరెక్కింది. పాత దెబ్బనే గదనే, అదే పోతది. పండుకో."

ఈ మనిషిని నల్లగొండ వైపు ఓ గీత కార్మికుడనుకుందాం. పదకొండేళ్ల కిందట మోకు జారి తాడిచెట్టు మీంచి పడ్డాడు. నడుము దగ్గర వెన్నుపూస విరిగింది. కాళ్లు రెండూ పడిపోయాయి. ఇప్పుడు వీల్‌చైర్‌లో కూర్చుని ఊళ్లోనే కిరాణా కొట్టు నడుపుకుంటున్నాడు. మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి బాత్‌రూమ్‌లోకి, గడప దాటి వీధిలోకి, ఎక్కడికి పోయినా చేతులే తీసుకుపోవాలి. పదకొండేళ్లూ వాటికి ఏమీ కాలేదు. ఇప్పుడు నెల రోజులుగా ఈ తిమ్మిరి.

"పాత దెబ్బే" అని సరిపెట్టుకోవడంలో వింతేమీ లేదు. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ల ఒంట్లో ఏది జరిగినా ఇంట్లోవాళ్లు, ఊళ్లోవాళ్లు, ఒక్కోసారి డాక్టర్లు కూడా ఆ ఖాతాలోనే రాసేస్తారు. కానీ నడుము దగ్గర తగిలిన దెబ్బ తనంతట తాను చేతివేళ్లకు తిమ్మిరి తేలేదు. వేళ్లకు పోయే నరాలు అసలు ఆ దారినే పోవు. ఇన్నేళ్ల తర్వాత చేతిలో మొదలైన తిమ్మిరి, ఒంట్లో కొత్తగా ఏదో జరుగుతోందని చెబుతోంది. అదేమిటో తెలుసుకోవడానికి డాక్టరు అడిగే మొదటి ప్రశ్న చాలా చిన్నది: ఏ వేలికి?

తిమ్మిరా, మొద్దా?

దానికన్నా ముందు మాట తేల్చుకోవాలి. వ్రతం పీటల మీద గంటసేపు బాసింపట్టు వేసుకుని లేచినప్పుడు కాలికి వచ్చేదీ తిమ్మిరే, పన్ను పీకే ముందు ఇంజెక్షన్ ఇస్తే దవడకు వచ్చేదీ తిమ్మిరే. మన మాట రెండింటికీ సరిపోతుంది. నరానికి మాత్రం ఇవి రెండు వేరు వేరు స్థితులు.

చీమలు పాకినట్టు, జివ్వుమన్నట్టు ఉంటే నరం ఇంకా పలుకుతోందని అర్థం. తప్పు పలుకుతోంది, అంతే. నరం మీద ఒత్తిడి పడితే దానికి రక్తం అందించే సన్నటి నాళాలు నొక్కుకుపోతాయి. నరం పొరల్లో లవణాల అయాన్లను సరైన చోట నిలిపి ఉంచే యంత్రాంగానికి శక్తి చాలదు. దాంతో ఎవరూ తాకకుండానే నరం తనంతట తాను సంకేతాలు పంపేస్తుంది. మెదడు వాటిని చీమలనీ, సూదులనీ చదువుకుంటుంది. మొద్దుబారడం దాని తర్వాతి మెట్టు. అక్కడ సంకేతం రాదు. చొక్కా బొత్తాం వేళ్ల మధ్య ఉందో జారిపోయిందో చూస్తే గానీ తెలియదు. చిల్లర లెక్కపెడుతుంటే రూపాయి బిళ్లకూ రెండు రూపాయల బిళ్లకూ తేడా అందదు.

అందుకే డాక్టరు దగ్గర "తిమ్మిరి" అని ఊరుకోకుండా చీమలా, మంటా, మొద్దా అని విడదీసి చెప్పాలి. చీమలు పాకడం పోయి మొద్దుబారితే కొందరు "తగ్గింది" అనుకుంటారు. అది తగ్గడం కాదు, ముదరడం.

చేతి తీగలు ఎక్కడ చీలతాయి?

పేరు వెన్నుపాము అయినా అది వెన్ను పొడుగునా ఉండదు. పెద్దవాళ్లలో దాని పొడవు సుమారు 45 సెంటీమీటర్లు, మందం చిటికెనవేలంత. నడుము పైభాగంలో మొదటి, రెండో పూసల దగ్గరికొచ్చేసరికి అయిపోతుంది. దాన్నుంచి రెండు వైపులకూ 31 జతల నరాలు చీలతాయి. మెడలో పూసలు 7 అయినా నరాల జతలు 8.

ఒక్కో జత చర్మం మీద ఒక్కో పట్టీని చూసుకుంటుంది. బొటనవేలు మెడలోని ఆరో జతది. నడిమివేలు ఏడో జతది. చిటికెనవేలు ఎనిమిదో జతది. ముంజేతి లోపలి అంచు ఛాతీలోని మొదటి జతది. అంటే చేతివేళ్ల తీగలన్నీ మెడ దగ్గరే విడిపోయి చంకల మీదుగా చేతుల్లోకి దిగిపోతాయి. కాలువ చివర పూడిపోతే తల దగ్గరి తూములకు నీళ్లు ఆగవు కదా. మన గీత కార్మికుడి దెబ్బ నడుము దగ్గర. అతని వేళ్ల తీగలు దానికి అడుగుకు పైగా ఎగువనే చీలిపోయాయి.

మెడ దగ్గరే దెబ్బ తగిలినవాళ్ల సంగతి వేరు. వాళ్ల చేతుల్లో మొదటి రోజు నుంచే ఏదో ఒక లోపం ఉండవచ్చు. ముఖ్యంగా మెడ అరిగిన పెద్దవాళ్లు బాత్‌రూమ్‌లో జారి ముందుకు పడి తల వెనక్కి విరుచుకున్నప్పుడు, వెన్నుపాము నడిమి భాగం నలిగి, కాళ్లకన్నా చేతులే ఎక్కువ దెబ్బతింటాయి. నడవగలుగుతారు కానీ గ్లాసు పట్టుకోలేరు. నరాల మంట, పోటు దెబ్బ తగిలిన కొన్ని నెలలకు మొదలవడం కూడా మామూలే. ఇలాంటివాళ్లు చూసుకోవాల్సింది మార్పును. నిరుడు ఎలా ఉంది, ఈ నెల ఎలా ఉంది, ఏ వేలి నుంచి ఏ వేలికి పాకింది అని.

మణికట్టులో ఇరుకు దారి

వీల్‌చైర్ వాడేవాళ్ల చేతి తిమ్మిరికి అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే కారణం వెన్నులో ఉండదు, మణికట్టులో ఉంటుంది. అక్కడ 8 చిన్న ఎముకలు దోనెలా అమరి ఉంటాయి. ఆ దోనె మీద గట్టి పట్టీ ఒకటి మూతలా బిగుసుకుని ఉంటుంది. కార్పల్ టన్నెల్ అంటే ఈ మూతకూ ఎముకలకూ మధ్య ఉన్న సందు. అందులోంచి వేళ్లను ముడిచే 9 స్నాయువులు, వాటితోపాటు మీడియన్ నరం పోతాయి. సందుకు సాగే గుణం లేదు. స్నాయువుల చుట్టూ ఉన్న పొర కాస్త ఉబ్బినా నలిగేది వాటన్నిటిలోకీ మెత్తగా ఉండే నరమే.

1981లో అమెరికాలో కొందరు శస్త్రవైద్యులు ఈ సందులోకి సన్నటి గొట్టం పంపి ఒత్తిడి కొలిచారు. ఏ బాధా లేనివాళ్లలో, మణికట్టు తిన్నగా ఉన్నప్పుడు అది సగటున 2.5 మిల్లీమీటర్ల పాదరసం. మణికట్టును పూర్తిగా ముందుకు వంచినా, వెనక్కి విరిచినా 30 దాకా పెరిగింది. జబ్బు ఉన్నవాళ్లలో ఊరికే ఉన్నప్పుడే 32. వంచితే 90 దాటింది. 30 ప్రాంతానికి చేరేసరికి నరంలో రక్తప్రసారం కుంటుపడుతుంది. రాత్రిళ్లు తిమ్మిరి ఎందుకు లేపుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. నిద్రలో మనకు తెలియకుండానే మణికట్టు మడిచి, ఒక్కోసారి దాన్నే తలకింద పెట్టుకుని పడుకుంటాం. లేచి దులపగానే మడత విడిపోతుంది, రక్తం ఆడుతుంది.

ఇప్పుడు వీల్‌చైర్ తోసే చేతిని దగ్గర్నుంచి చూడండి. చక్రానికి పక్కనే చేతితో పట్టుకునే రింగు ఉంటుంది. చెయ్యి వెనక్కిపోయి రింగును అందుకునేటప్పుడు మణికట్టు వెనక్కి విరుగుతుంది. అరచేతి మొదలు రింగుకు తాకిన క్షణాన దెబ్బలాంటి ఒత్తిడి సరిగ్గా ఆ సందు మీదే పడుతుంది. తోపు ముందుకు సాగి చెయ్యి వదిలేసరికి మణికట్టు వంగుతుంది. ఒక తోపుకు సెకను చొప్పున, రోజుకు అరగంట తిరిగినా 1,800 తోపులు. ఏడాదికి ఆరున్నర లక్షలు. మంచం మీంచి కుర్చీలోకి మారేటప్పుడైతే అరచెయ్యి పరుపు మీద పరిచి, మణికట్టును నిలువునా విరిచి, ఒళ్లంతటి బరువూ దాని మీద వేసి లేపాలి. మణికట్టు ఇంత మోతకు తయారైన కీలు కాదు.

కాళ్లు పడిపోయి వీల్‌చైర్ వాడేవాళ్ల మీద జరిగిన వేర్వేరు అధ్యయనాల్లో 40 నుంచి 66 శాతం మందిలో కార్పల్ టన్నెల్ లక్షణాలు కనిపించాయి. దెబ్బ తగిలి ఏళ్లు గడిచేకొద్దీ ఈ లెక్క పెరుగుతుంది. అంటే వెన్ను దెబ్బ చేతికి నేరుగా తిమ్మిరి తేలేదు కానీ, కాళ్ల పనిని చేతుల మీద వేసి పదేళ్ల తర్వాత తెచ్చింది.

మీడియన్ నరం తిమ్మిరికి స్పష్టమైన సరిహద్దు ఉంటుంది. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపు వేలిలో సగం. ఆ సగమే కీలకం. ఉంగరపు వేలికి నడిమివేలి వైపు అంచు మొద్దుబారి, చిటికెనవేలి వైపు అంచు బాగుంటే సమస్య మెడలో కాకుండా చేతిలోనే ఉండే అవకాశం చాలా ఎక్కువ. మెడ నుంచి వచ్చే జత ఒక వేలిని అలా రెండుగా చీల్చదు. ఇంకో గుర్తు అరచేతిలో ఉంది. బొటనవేలి కింద ఉబ్బెత్తుగా ఉండే భాగపు చర్మానికి పోయే కొమ్మ, సందులోకి దిగకముందే విడిపోయి పైనుంచి పోతుంది. అందుకే మణికట్టు దగ్గర నలిగితే వేళ్లు మొద్దుబారినా అక్కడ స్పర్శ మిగులుతుంది. ఆ ఉబ్బెత్తు కండ చదునైపోతూ ఉంటే మాత్రం నరం చాలాకాలంగా నలుగుతోందని లెక్క.

చిటికెనవేలు చెప్పే కథ

తిమ్మిరి చిటికెనవేలిలో, ఉంగరపు వేలి రెండో సగంలో ఉంటే అనుమానం అల్నార్ నరం మీదికి పోతుంది. మోచెయ్యి తలుపుకు తగిలితే కరెంటు కొట్టినట్టు జివ్వుమంటుందే, ఆ నరమే ఇది. మోచేతి వెనక చర్మం కిందే పోతుంది కాబట్టి దానికి రక్షణ తక్కువ. వీల్‌చైర్ చేతుల మీద, కొట్టు బల్ల మీద గంటలకొద్దీ మోచేతులు ఆనించి కూర్చునేవాళ్లకు, చెవి దగ్గర ఫోను పెట్టుకుని మోచెయ్యి మడిచి ఉంచేవాళ్లకు ఇది నలుగుతుంది. మోచేతుల కింద మెత్తటి దిండు, మడత తక్కువ, ఆనుకోవడం తక్కువ. చాలాసార్లు ఇంతటితోనే నెమ్మదిస్తుంది.

బొటనవేలి తిమ్మిరి భుజం నుంచి తీగ లాగినట్టు దిగుతూ, మెడ తిప్పితే ఎక్కువవుతూ ఉంటే చూడాల్సింది మెడనే. కుర్చీలో కూర్చున్న మనిషి నిలబడినవాళ్లతో మాట్లాడాలంటే రోజంతా తల పైకెత్తాలి. మెడలో ఇదివరకే రాడ్లు, స్క్రూలు వేసి కొన్ని పూసలను బిగిస్తే, వాటికి పైనా కిందా ఉన్న డిస్కుల మీద మోత పెరుగుతుంది. మెడ దగ్గరా మణికట్టు దగ్గరా ఒకే నరం రెండుచోట్ల నలుగుతూ ఉండవచ్చు. ఒకచోట నలిగిన నరం రెండోచోట ఇంకా సులువుగా లొంగుతుందని 1973లో ఇద్దరు వైద్యులు ఒక సిద్ధాంతం చెప్పారు. దాని మీద వాదన ఇంకా తెగలేదు. అయినా అనుభవం ఉన్న డాక్టరు మణికట్టులో కారణం దొరికిందని మెడను చూడకుండా వదలడు.

వేడి తెలియని చెయ్యి

ఇక అరుదుగా వచ్చినా, పట్టించుకోకపోతే చేటు చేసే కారణం ఒకటుంది.

ఇలాంటి దెబ్బే ఉన్న ఇంకో మనిషికి స్టీలు గ్లాసులో పొగలు కక్కే టీ ఇచ్చారనుకుందాం. చేత్తో పట్టుకున్నాడు. గ్లాసు గుండ్రంగా ఉందని, నున్నగా ఉందని, జారుతోందని అన్నీ తెలుస్తున్నాయి. వేడిగా ఉందని మాత్రం తెలియడం లేదు. పక్కవాళ్లు "అయ్యో, కాలదా?" అని అరిచేదాకా పట్టుకునే ఉన్నాడు. సాయంత్రానికి వేళ్లమీద బొబ్బలు.

స్పర్శ ఉండి వేడి, నొప్పి తెలియకపోవడం ఎలా? రెండూ ఒకే చర్మం నుంచి బయల్దేరినా వెన్నుపాములో దారులు వేరు. మెత్తటి స్పర్శ, వేలు ఏ భంగిమలో ఉందన్న ఎరుక వెన్నుపాము వెనక భాగంలో అదే వైపున పైకి పోతాయి. నొప్పి, వేడి, చలి మాత్రం లోపలికి రాగానే వెన్నుపాము నట్టనడుమ అవతలి వైపుకు దాటి అప్పుడు పైకెక్కుతాయి. సరిగ్గా ఆ నడిమి దాటు దగ్గర నీటిబుడగ లాంటి గుల్ల పెరిగితే దాటే తీగలు తెగుతాయి. వెనక దారిన పోయేవి భద్రంగా ఉంటాయి.

ఈ గుల్లనే సిరింక్స్ అంటారు. గ్రీకులో వెదురు పిల్లనగ్రోవి లాంటి గొట్టానికి ఆ పేరు. జబ్బు పేరు సిరింగోమైలియా. వెన్నుపాము చుట్టూ తేటనీరు లాంటి ద్రవం ఉంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా అది కిందికీ పైకీ కదులుతుంది. దెబ్బ తగిలినచోట మచ్చకట్టి పొరలు అతుక్కుపోతే ఆ కదలికకు అడ్డం పడుతుంది. నలిగిన వెన్నుపాములో అప్పటికే చిన్న ఖాళీ మిగిలి ఉంటుంది. దగ్గినా, తుమ్మినా, ముక్కినా కడుపులో, ఛాతీలో పెరిగిన ఒత్తిడి వెన్ను లోపలి సిరల ద్వారా ఈ ద్రవానికి తగులుతుంది. ఖాళీలోకి ద్రవం చేరుతూ, అలలా కొట్టుకుంటూ పైకి దారి తొలుచుకుంటుంది. నడుము దగ్గర మొదలైనది ఛాతీ దాటి మెడ దాకా కూడా ఎక్కగలదు. పాత దెబ్బ వెన్నుపాము లోపలినుంచే వేళ్లను అందుకోవడానికి ఉన్న దొడ్డిదారి ఇదొక్కటే.

దెబ్బ తగిలిన కొన్ని నెలలకే ఇది మొదలు కావచ్చు, ముప్ఫై ఏళ్ల తర్వాతా కావచ్చు. ఎం.ఆర్.ఐ. తీస్తే గుల్ల కనిపించేవాళ్లు చాలామందే ఉంటారు కానీ, దానివల్ల బాధపడేవాళ్లు నూటికి కొద్దిమందే. దగ్గినప్పుడు మెడలోనో చేతిలోనో పోటు పొడవడం, మొద్దుతనం నెలనెలా పైకి పాకడం, చేతి పట్టు సడలడం, ఒక పక్కనే చెమట పట్టడం, కాళ్ల బిగుతులో ఉన్నట్టుండి తేడా రావడం దీని గుర్తులు. ముదిరితే మచ్చను విడదీసి ద్రవానికి దారిచ్చే ఆపరేషన్, లేదా గుల్లలోంచి ద్రవం బయటికి పోయేలా సన్నటి గొట్టం వేయడం ఉన్నాయి. పోయిన స్పర్శ పూర్తిగా తిరిగొస్తుందని చెప్పలేరు. ఉన్న బలాన్ని నిలబెట్టడమే ఆపరేషన్‌లో ప్రధాన ఉద్దేశం. అందుకే ముందుగా పట్టుకోవాలి.

వెన్ను దెబ్బ తర్వాత ఏళ్లకు ఇలాంటి గుల్ల పెరిగి కొత్త నష్టం చేస్తుందని టొరంటోకు చెందిన హెన్రీ బార్నెట్, సహచరులు 1966లో వివరంగా రాశారు. అంత ఆలస్యంగా తెలియడానికి ఓ కారణం ఉంది. రెండో ప్రపంచ యుద్ధం ముందు దాకా వెన్ను విరిగినవాళ్లు ఎక్కువకాలం బతికేవాళ్లు కాదు. ఒరుపు పుళ్లు, మూత్రంలో చీము వాళ్లను తీసుకుపోయేవి. 1944లో ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్‌లో లుడ్విగ్ గుట్‌మన్ మొదలుపెట్టిన చికిత్స పద్ధతితో ఆ పరిస్థితి మారింది. మనుషులు పదేళ్లు, ముప్ఫై ఏళ్లు బతకడం మొదలయ్యాకే మణికట్టు అరుగుదలకూ, వెన్నులో గుల్లకూ బయటపడే వ్యవధి దొరికింది.

వేలూరులో ఒక డాక్టరమ్మ

నొప్పి తెలియని చేతుల గురించి మాట్లాడితే వేలూరు గుర్తుకొస్తుంది. చిత్తూరు, నెల్లూరు వైపు పెద్ద జబ్బంటే ఇప్పటికీ బయల్దేరేది అక్కడికే. సి.ఎం.సి. ఆస్పత్రిలో యువ డాక్టరుగా ఉన్న మేరీ వర్ఘీస్ 1954లో కారు ప్రమాదంలో వెన్ను దెబ్బతిని కాళ్లు పోగొట్టుకున్నారు. ఆ తర్వాత చక్రాల కుర్చీలో కూర్చునే ఆపరేషన్లు చేశారు. అవీ కుష్ఠు రోగుల చేతులకు, అక్కడి శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్ దగ్గర నేర్చుకుని. అనంతరం పునరావాస వైద్యంలో శిక్షణ పొంది వచ్చి ఆ ఆస్పత్రిలో దానికి ప్రత్యేక విభాగం నిలబెట్టారు. 1966లో పునరావాస కేంద్రం వచ్చింది.

కుష్ఠులో సూక్ష్మజీవి చేతి నరాలనే తింటుంది. సిరింగోమైలియాలో లోపం వెన్నుపాము నడుమ ఉంటుంది. పైకి కనిపించేది మాత్రం ఒకటే: కాలినా తెలియని వేళ్లు, మానని పుళ్లు. పాతకాలపు డాక్టర్లు రెండింటినీ ఒకటనుకుని పొరబడేవాళ్లు. నొప్పి చేతికి కాపలాదారు అన్న పాఠం బ్రాండ్ బృందం కుష్ఠు రోగుల దగ్గర నేర్చుకుంది. తిమ్మిరి వచ్చిన చేతికీ అదే వర్తిస్తుంది. స్పర్శ పూర్తిగా తిరిగొచ్చేదాకా వంటింట్లో పట్టకారు తప్పనిసరి, స్నానం నీళ్ల వేడిని మోచేతితోనో ఇంకొకరి చేతితోనో చూసుకోవడం మేలు.

కాళ్లు చెప్పలేని మాట

కొన్నిసార్లు తప్పు ఏ ఒక్క నరానిదీ కాదు, రక్తానిది. చక్కెర జబ్బు, బి12 లోపం, థైరాయిడ్ లోపం. మాంసం, గుడ్డు, పాలు బొత్తిగా తగ్గినవాళ్లలో, చక్కెరకు మెట్‌ఫార్మిన్ ఏళ్లతరబడి వాడేవాళ్లలో బి12 తగ్గడం మామూలు. ఇలాంటి నరాల జబ్బు ఎవరికైనా ముందు పాదాల్లో మొదలవుతుంది, పొడుగాటి తీగలు అవే కాబట్టి. కానీ కాళ్లకు స్పర్శే లేని మనిషికి పాదాల తిమ్మిరి ఎలా తెలుస్తుంది? జబ్బు మోకాళ్ల దాకా ఎక్కి, చేతులను అందుకున్నాకే మొదటిసారి కబురు తెలుస్తుంది. అందుకే రెండు చేతులకూ సమానంగా, గ్లవుజు తొడిగినట్టు తిమ్మిరి ఉంటే మణికట్టు పట్టీ కొనేముందు రక్తపరీక్ష చేయించాలి. మందుల చీటీ కూడా తీసుకెళ్లాలి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ రాకుండా నెలల తరబడి వాడే నైట్రోఫ్యూరంటాయిన్ లాంటి మందు నరాలను దెబ్బతీయగలదు. మందును సొంతంగా ఆపేయకుండా ఆ సంగతి డాక్టరుకు గుర్తుచేయాలి.

కొన్నిటికి అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడదు. ఉన్నట్టుండి ఒక పక్క చెయ్యి మొద్దుబారి మూతి వంకరపోయినా, మాట తడబడినా అది పక్షవాతం కావచ్చు. వెంటనే ఆస్పత్రికి పోవాలి. ఛాతీలో ఆరో జత దగ్గర గానీ దానికి పైన గానీ దెబ్బ ఉన్నవాళ్లకు తల పగిలే నొప్పి, ముఖం ఎర్రబడటం, చెమట, వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం కలిసి వస్తే రక్తపోటు ప్రమాదకరంగా పెరిగిందని అర్థం. తిన్నగా కూర్చోబెట్టి, బిగుతు బట్టలు వదులుచేసి, కెథీటర్ మడతపడిందేమో, మూత్రసంచి నిండిందేమో చూడాలి. కారణం దొరక్కపోయినా, తగ్గకపోయినా ఆలస్యం చేయకూడదు.

కరెంటు పరీక్ష

నరం నలిగిందో లేదో చెప్పడానికి మంచి సాక్షి వేగం. 1850లో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ కప్ప నరంలో సంకేతం వేగాన్ని కొలిచి సెకనుకు సుమారు 27 మీటర్లని తేల్చాడు. అప్పటిదాకా అది కొలతకందని వేగమనుకునేవాళ్లు. మన చేతి నరాల్లో అది సెకనుకు 50 మీటర్ల పైమాటే. నర్వ్ కండక్షన్ పరీక్షలో మణికట్టు దగ్గర, మోచేతి దగ్గర చిన్నగా కరెంటు తగిలిస్తారు. చురుక్కుమంటుంది, అంతే. సంకేతం ముంజేతిలో బాగా పోయి మణికట్టు దగ్గర మందగిస్తే ఇరుకు అక్కడే. చేతి నరాలన్నీ బాగుండి తిమ్మిరి మాత్రం పోకపోతే మెడకు, అవసరమైతే వెన్నంతటికీ ఎం.ఆర్.ఐ. తీయాలి. వెన్నులో వేసిన రాడ్లు ఏ లోహానివో తెలిపే పాత డిశ్చార్జి కాగితం ఆ రోజు పనికొస్తుంది.

కోలుకునే వేగం నష్టాన్నిబట్టి ఉంటుంది. నరం చుట్టూ ఉన్న కొవ్వు తొడుగు మాత్రమే పాడైతే వారాల్లో, నెలల్లో తిరిగి కట్టుకుంటుంది. లోపలి తీగే తెగితే రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరగాలి. మణికట్టు నుంచి వేలి కొసకు పదిహేను సెంటీమీటర్లకు పైనే, అంటే అయిదారు నెలలు.

చేతులకు సెలవు ఎలా?

కార్పల్ టన్నెల్ వచ్చినవాళ్లందరికీ డాక్టర్లు చెప్పే మొదటి మాట "చేతికి విశ్రాంతి ఇవ్వండి". చేతుల మీద నడిచే మనిషికి ఆ మాట చెప్పడమంటే మంచాన పడి ఉండమనడమే. మూతలా ఉన్న పట్టీని కోసి నరానికి చోటిచ్చే ఆపరేషన్ చిన్నదే. కానీ ఆ తర్వాత కొన్ని వారాలు ఆ చేతి మీద బరువు వేయకూడదు. అన్ని వారాలు ఎవరు లేపుతారు, ఎవరు తోస్తారు అన్నది ఆపరేషన్ తేదీకన్నా ముందు తేలాలి.

అందుకే చేతి పని పూర్తిగా మానిపించకుండా, ఆ పని చేసే పద్ధతి మార్చడం మీద పునరావాస వైద్యులు దృష్టి పెట్టారు. 2005లో అమెరికాలో వెలువడిన మార్గదర్శకాల సారం మన ఇళ్లకూ సరిపోతుంది. చిన్నచిన్న తోపులు గబగబా తోయకుండా, రింగును నెమ్మదిగా అందుకుని పొడుగ్గా ఒక తోపు తోసి, చేతిని రింగుకు కిందుగా వేలాడనిచ్చి వెనక్కి తేవాలి. తోపుల సంఖ్య తగ్గుతుంది, తాకిడి తగ్గుతుంది. పెద్ద చక్రాల ఇరుసు, కుర్చీ వెనక్కి పడిపోనంతలో, వీలైనంత ముందుకుండాలి. రింగు నెత్తిన చెయ్యి పెట్టినప్పుడు మోచేతి దగ్గర పైచేతికీ ముంజేతికీ మధ్య కోణం 100 నుంచి 120 డిగ్రీలుంటే సీటు ఎత్తు సరిపోయినట్టు. టైర్లలో గాలి తగ్గితే ప్రతి తోపుకూ అదనపు మోత పడుతుంది. సైకిల్ పంపుతో వారానికోసారి చేసే పని ఇది.

కుర్చీ బరువు సంగతి వేరే చెప్పాలి. మన దగ్గర ఎక్కువగా దొరికే మడతకుర్చీలు పదిహేను కిలోలు దాటుతాయి. ఆస్పత్రి వరండాలో ఇంకొకరు తోయడానికి సరిపోతాయి గానీ ఒక మనిషి జీవితమంతా తనే తోసుకోవడానికి కాదు. ఐఐటీ మద్రాస్ 2025లో 9 కిలోల కుర్చీని తెచ్చింది. మనిషి కొలతలకు తగ్గట్టు అమర్చిన తేలికపాటి కుర్చీ సోకు కాదు, మణికట్టుకు మందు.

ఇంట్లో మంచం ఎత్తు కుర్చీ సీటుకు సమానం చేయించుకుంటే ఎగబాకే పని తప్పుతుంది. నున్నటి చెక్కపలక వేసుకుని జరగవచ్చు. మారేటప్పుడు అరచెయ్యి పరవకుండా మంచం అంచు పట్టుకుంటే, పిడికిలి ఆనిస్తే మణికట్టు విరగదు. ఒరుపు పుళ్లు రాకుండా చేతుల మీద ఒళ్లు పైకెత్తే అలవాటు చాలామందికుంది. దానికి బదులు ముందుకో పక్కకో వంగి కాసేపు ఉంటే పిరుదుల మీద ఒత్తిడీ తగ్గుతుంది, చేతులూ మిగులుతాయి. రాత్రి మణికట్టును తిన్నగా ఉంచే పట్టీ కట్టుకుంటే నిద్రలో మడత పడదు. ఇంటి గడప దగ్గర చిన్న వాలుబాట కట్టించడం కూడా చేతి చికిత్సే.

ఒక తెల్లకాగితం

ఓ.పి.లో డాక్టరు దగ్గర దొరికేది అయిదు నిమిషాలు. అందులో సగం "ఎప్పుడు పడ్డావు, ఏ పూస విరిగింది" అన్న పాత కథకే పోతుంది. కొత్త కథకు చోటు దొరకాలంటే ఒక ఉపాయం ఉంది. పరిశోధకులు కూడా వాడే పద్ధతే ఇది. పిల్లలు గీసుకున్నట్టు కాగితం మీద అరచెయ్యి పెట్టి చుట్టూ పెన్సిల్‌తో గీయాలి. కుడిదీ, ఎడమదీ. తిమ్మిరి ఉన్నచోట గీతలు, మొద్దు ఉన్నచోట చుక్కలు, వేడి తెలియనిచోట అడ్డగుర్తు. పక్కన మూడు మాటలు: ఎప్పుడు వస్తుంది, ఏం చేస్తే పెరుగుతుంది, ఏం చేస్తే తగ్గుతుంది. అడుగున తేదీ. నెల తర్వాత ఇంకో కాగితం. రెండూ పక్కపక్కన పెడితే పాకుతోందో లేదో ఎవరికైనా కనిపిస్తుంది.

మన గీత కార్మికుడి ఇంట్లో మర్నాడు పొద్దున కొట్టు తెరవకముందు అదే జరిగిందనుకుందాం. కూతురి నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం. భార్య పెన్సిల్ పట్టుకుంది.

"ఏ వేలుకయ్యా?"

అతను చెయ్యి వెలుతురులోకి పెట్టి మొదటిసారి నిదానంగా చూసుకున్నాడు. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు ముట్టుకుని ఉంగరపువేలి దగ్గర ఆగాడు.

"గిది సగమే."

ఆ సగంలో ఆమె గీతలు గీసింది. మిగతా సగం తెల్లగా ఉంచింది.